చక్రం మీదుగా వచ్చే వెలుగు

మా చెల్లెలి కొడుకుకు తొమ్మిదేళ్ళు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడి కోసం భోజనాల బల్ల మీద పట్టాలు పరిచి బొమ్మ రైలు నడిపించాను. గదిలో లైటు తీసేస్తే ఆరు పెట్టెల కిటికీల్లోంచి పసుపు వెలుగు గోడ మీద గళ్ళు గళ్ళుగా పాకుతూ పోయింది. వాడు ఊపిరి బిగబట్టి చూశాడు. రెండు చుట్లు తిప్పి స్టేషన్లో ఆపబోయాను. బండి నెమ్మదించేకొద్దీ వెలుగు పలచబడింది. చక్రాలు ఆగేసరికి పెట్టెలన్నీ చీకటి.

"మావయ్యా, బండాగితే లోపలివాళ్ళు చీకట్లో కూచోవాలా?" అన్నాడు.

జవాబు తేలికే. బొమ్మ రైలుకు కరెంటు పట్టాల్లోంచి వస్తుంది. నేను గుండీ తిప్పి వోల్టేజి తగ్గిస్తే మోటారు నెమ్మదిస్తుంది, దాంతోపాటే బల్బూ మసకబారుతుంది. సున్నాకు తెస్తే రెండూ ఆగుతాయి. ఈ వివరణ వాడికి నచ్చలేదు. చెబుతూ ఉండగానే నాకూ నచ్చడం మానేసింది. రైలు ఆగడమంటే స్టేషను రావడమే కదా. మనుషులు దిగేదీ ఎక్కేదీ, మూట వెతుక్కునేదీ అప్పుడే. సరిగ్గా అప్పుడే దీపం ఆరిపోతే అదేం రైలు?

ఆ చీకటిని పోగొట్టడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. అందులో సగం కాలం నా తప్పులు దిద్దుకోవడానికే సరిపోయింది. ఒక్కో చిక్కూ విప్పుతున్నప్పుడు మాత్రం, ఇదే చిక్కును నూరేళ్ళ కిందట అసలు రైల్వే ఇంజనీర్లు విప్పారని తెలుస్తూ వచ్చింది. పావు మీటరు పొడవున్న ప్లాస్టిక్ పెట్టె రైలు దీపాల చరిత్రనంతా మళ్ళీ నడిచింది.

ఆ చరిత్రలో 1881 గమ్మత్తైన సంవత్సరం. ఆ మే నెలలో బెర్లిన్ పక్కనున్న లిష్టర్‌ఫెల్డెలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ కంపెనీ ఒక విద్యుత్ ట్రామును నడిపించింది. పైన తీగ లేదు, మధ్యలో మూడో పట్టా లేదు. బండి నడిచే రెండు పట్టాల్లోంచే 180 వోల్టుల కరెంటు వెళ్ళేది. ఒక పట్టా ధనం, ఇంకోటి రుణం. అంటే నా బల్ల మీదున్న ఏర్పాటే, కాకపోతే నిలువెత్తున. రోడ్డు దాటే చోట రెండు పట్టాల మీదా కాళ్ళు వేసిన గుర్రాలకు షాకు కొట్టేది. రెండేళ్ళ తర్వాత, 1883లో, ఇంగ్లండులోని బ్రైటన్ సముద్రతీరంలో మాగ్నస్ వోక్ తన చిన్న రైలును ఇలాగే రెండు పట్టాల మీద నడిపాడు. ఆయన 50 వోల్టులతో సరిపెట్టుకున్నాడు.

అదే 1881 అక్టోబరులో లండన్ నుంచి అదే బ్రైటన్‌కు వెళ్ళే రైల్లో బియాట్రిస్ అనే పుల్‌మన్ పెట్టెకు విద్యుద్దీపాలు పెట్టారు. అక్కడ కరెంటు పట్టాల్లోంచి రాలేదు. ముందుగా చార్జి చేసిన సీసపు బ్యాటరీలను పెట్టెతోపాటే మోసుకెళ్ళారు. పట్టాల్లోంచి తీసుకోవడం ఒక దారి, వెంట మోసుకెళ్ళడం ఒక దారి. అసలు రైలు రెండోదాన్ని పట్టుకుంది. జనం నడిచే చోట పట్టాల్లో కరెంటు పారించడం ఎటూ కుదరని పని. బొమ్మ రైలు మాత్రం మొదటి దారిలోనే ఉండిపోయింది. 12 వోల్టులు ఎవరినీ కొట్టవు.

ఇక పెట్టె అడుగుకు వద్దాం. మనం బోగీ అంటే పెట్టె మొత్తం అనుకుంటాం. రైల్వేవాళ్ళకు బోగీ అంటే పెట్టె కింద, ఆ చివరొకటి ఈ చివరొకటి ఉండే నాలుగు చక్రాల చట్రం. ఈ అధ్యాయంలో నేనూ ఆ అర్థంలోనే వాడతాను. ఒక్కో బోగీకి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. రెండు పట్టాల నుంచీ కరెంటు తీసుకోవాలంటే ఎడమ చక్రం, కుడి చక్రం ఒకదానితో ఒకటి కలవకూడదు. కలిస్తే ధనమూ రుణమూ ముఖాముఖి కలిసి షార్టు సర్క్యూటవుతుంది. అందుకని ఒక చక్రాన్ని లోహపు ఇరుసుకు నేరుగా బిగించి, రెండోదానికి మధ్యలో చిన్న ప్లాస్టిక్ గుబ్బ వేస్తారు. ఇరుసు అప్పుడు ఒక్క పట్టాకే చెందుతుంది. ముందు బోగీలో ఇరుసులన్నీ ఎడమ పట్టా వైపు, వెనక బోగీలో అన్నీ కుడి పట్టా వైపు ఉండేలా అమర్చితే చాలు. ముందు నుంచి ఒక తీగ, వెనక నుంచి ఒక తీగ పైకప్పు దాకా వెళతాయి.

రాసినంత సులువుగానే ఉంటుంది. మొదటిసారి నేను నాలుగు ఇరుసుల్లో ఒకదాన్ని తిరగేసి పెట్టాను. చూడ్డానికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్లాస్టిక్ గుబ్బ కనిపించాలంటే భూతద్దం కావాలి. పెట్టెను పట్టా మీద పెట్టగానే ఇంజను ఆగింది, కంట్రోలరు మీద ఎర్ర దీపం వెలిగింది. తీశాను, నడిచింది. పెట్టాను, ఆగింది. తీగలన్నీ ఊడబీకి మళ్ళీ అతికించాను. గంటన్నర తర్వాత మల్టీమీటరు ముల్లు ఇరుసుకు ఆనించి చూస్తే అప్పుడు దొరికింది దొంగ.

నాకు తప్పయిన ఆ పని అసలు రైల్వేకు ప్రాణాధారం. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూట్ ఈ షార్టు మీదే నడుస్తుంది. పట్టాల్లో ఒక ముక్కను వేరు చేసి, ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే పెడతారు. పట్టాలు ఖాళీగా ఉంటే కరెంటు రిలేను పట్టి ఉంచుతుంది, సిగ్నలు పచ్చగా ఉంటుంది. రైలు రాగానే ఉక్కు ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తుంది, కరెంటు రిలే దాకా చేరదు, రిలే వదిలేస్తుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా రిలే వదిలేస్తుంది కాబట్టి అలాంటి లోపం ఏది వచ్చినా ఎరుపే. అసలు ఇరుసు రెండు పట్టాలనూ కలపాలి, బొమ్మ ఇరుసు కలపకూడదు. ఇంకో విడ్డూరం. బొమ్మ రైళ్ళలోనూ బండి ఏ ముక్క మీద ఉందో కనిపెట్టే పరికరాలున్నాయి. అవి పట్టాల్లోంచి ఎవరైనా కరెంటు తాగుతున్నారా అని చూస్తాయి. దీపాలున్న పెట్టె తాగుతుంది కాబట్టి కనిపిస్తుంది. దీపాల్లేని పెట్టె కనిపించదు. అందుకని దాని ఇరుసుకు 10 వేల ఓముల చిన్న రెసిస్టరు అంటించి, ఒక మిల్లీ ఆంపియరు పైచిలుకు వృథాగా తాగిస్తారు, ఉనికి చాటుకోవడానికి.

ఇప్పుడు అసలు తలనొప్పి: చక్రం పట్టాను తాకడం. తాకుతూనే ఉంది కదా అనిపిస్తుంది. మన నీలం పెట్టెల రైళ్ళలో ఒక్కో పెట్టె దాదాపు 40 టన్నులు, చక్రానికి 5 టన్నులు. ఆ బరువు కింద తుప్పు, దుమ్ము, నూనె అన్నీ నలిగిపోయి ఉక్కుకు ఉక్కు తగులుతుంది. నా బొమ్మ రైలుది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుదానిలో 87వ వంతు. పొడవు 87 రెట్లు తగ్గితే బరువు 87 ఘనం, అంటే 6 లక్షల 58 వేల రెట్లు తగ్గుతుంది. 40 టన్నుల పెట్టె 61 గ్రాములవుతుంది. అంత తేలికైతే మలుపుల్లో పట్టా దిగిపోతుంది కాబట్టి అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ కొన్ని బరువులు సూచించింది. ఆ లెక్కన పావు మీటరు పెట్టె 165 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉండాలి. ఇనుప ముక్కలు పెట్టి ఆ బరువు తెచ్చినా చక్రానికి దక్కేది 20 గ్రాములు. ఇరవై గ్రాముల బరువు కింద నలిగే మురికి ఏముంటుంది?

పైగా కంటికి నునుపుగా కనిపించే లోహం సూక్ష్మదర్శినిలో కొండలూ లోయలూ. రెండు లోహాలు కలిసినప్పుడు నిజంగా తగిలేది నాలుగైదు కొండ కొమ్ములే. కరెంటంతా ఆ కొమ్ముల గుండానే పోవాలి. మధ్యలో ఆక్సైడు పొరో, ధూళో పడితే తెగుతుంది. తెగిన క్షణంలో చిన్న నిప్పురవ్వ లేస్తుంది, అది లోహాన్ని ఇంకాస్త నల్లబరుస్తుంది. నల్లబడితే మళ్ళీ తెగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తగ్గే జబ్బు కాదిది. ప్లాస్టిక్ చక్రాలుంటే ఇంకా ఘోరం, అవి మురికిని పోగుచేసి పట్టా పొడవునా పూస్తాయి. దీపాల సంగతి తర్వాత, ముందు లోహపు చక్రాలు వేయండి.

బొమ్మ పట్టాలను పూర్వం ఇత్తడితో చేసేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా నికెల్ సిల్వర్‌తో చేస్తున్నారు. పేరు కొత్తగా ఉందా? మన ఇళ్ళలో పూజ పళ్ళేలకూ కుంకుమ భరిణెలకూ వాడే జర్మన్ సిల్వరే అది. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. రెండు పేర్లలోనూ వెండి ఉంది, లోహంలో లేదు. ఇత్తడి మీద కట్టే పొరకంటే దీని మీది పొర కరెంటును తక్కువగా అడ్డుకుంటుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తని బట్ట చాలు. గరుకు కాగితంతో రుద్దితే ఆ పూటకు తళతళలాడుతుంది. తర్వాత గీతల్లోకి మురికి చేరి అక్కడే కాపురం పెడుతుంది. నేను రుద్దాను కాబట్టి చెబుతున్నాను.

చక్రం నుంచి తీగలోకి కరెంటు దింపడం ఇంకో మెట్టు. తిరిగే వస్తువుకు తీగ అంటించలేం. ఫాస్ఫర్ కంచు రేకునో తీగనో సన్నని స్ప్రింగులా వంచి తిరిగేదానికి ఆనిస్తారు. ఎక్కడ ఆనించాలన్నదే ప్రశ్న. నేను మొదట చక్రం వెనక ముఖానికి ఆనించాను, అంచు దగ్గర. వెలుగు బాగానే వచ్చింది కానీ ఆరు పెట్టెలు తగిలిస్తే ఇంజను చిన్న ఎత్తు ఎక్కలేక చక్రాలు జారి అక్కడే గిరగిరా తిరిగింది. రాపిడి బలం ఎంతన్నదే కాదు, ఇరుసు కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కే. తిరగలి పిడి అంచున ఉన్నదీ ఇందుకే, కేంద్రానికి ఎంత దూరమైతే బలానికి అంత పట్టు. మన పెట్టె చక్రం 915 మి.మీ., బొమ్మలో పదిన్నర. ఇరుసు మందం 2 మి.మీ. అదే స్ప్రింగును అంచు నుంచి తీసి ఇరుసుకు ఆనిస్తే బండిని వెనక్కి లాగే బలం అయిదో వంతుకు పడిపోతుంది. స్ప్రింగు అదే, చోటు మారింది, అంతే. ఇంజను మళ్ళీ ఎత్తెక్కింది. ఇంకా మేలైన పద్ధతిలో ఇరుసు మొనలు ఇత్తడి గిన్నెల్లో తిరుగుతాయి, ఆ గిన్నెలే కరెంటు తీసుకుంటాయి. అక్కడ రాపిడి దాదాపు లేనట్టే.

ఇంత చేసి పట్టాల కరెంటు పైకప్పుకు చేర్చాక, ఆ కరెంటుకు మూడు జబ్బులున్నాయని అర్థమైంది. వేగాన్ని బట్టి వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. బండిని వెనక్కి నడిపితే ధనం రుణమవుతుంది, రుణం ధనమవుతుంది, ఎందుకంటే డీసీ బొమ్మ రైలు దిశ మార్చేది అలాగే. ఆగితే అసలేమీ ఉండదు.

ఈ మూడు జబ్బులూ నాకు ఎక్కడో చదివినట్టనిపించాయి. 1890లలో లండన్ డెప్ట్‌ఫర్డ్‌లోని జె. స్టోన్ కంపెనీ పెట్టె కింద డైనమో వేలాడదీసి, ఇరుసు నుంచి బెల్టు వేసి తిప్పింది. బండి నడిస్తే కరెంటు పుడుతుంది. ఎంత వేగమో అంత వోల్టేజి. వెనక్కి నడిస్తే ధ్రువాలు తారుమారు. ఆగితే సున్నా. అచ్చం నా బల్ల మీది రోగమే! స్టోన్ వాళ్ళ మందు చూడండి. డైనమోను ఒక మూల నుంచి వేలాడదీశారు. దాని బరువే బెల్టును బిగిస్తుంది. వేగం ఒక హద్దు దాటగానే డైనమో కాస్త ముందుకు లాగబడి బెల్టు జారుతుంది, ఇక వేగం పెరిగినా డైనమో అంతకంటే వేగంగా తిరగదు. అది మొదటి జబ్బుకు మందు. రెండోదానికి, తిరిగే దిశను బట్టి తనంతట పడే స్విచ్చి. మూడోదానికి బ్యాటరీ.

ఆ సంప్రదాయం మన రైళ్ళలో ఇప్పటికీ ఉంది. ఏసీ లేని నీలం పెట్టెల కింద ఇరుసుకు బెల్టుతో బిగించిన నాలుగున్నర కిలోవాట్ల ఆల్టర్నేటరు, 110 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ప్యాసింజరు బండి ఏ చిన్న స్టేషన్లోనో గంటల తరబడి ఆగినప్పుడు ఫ్యాను నీరసించి, బల్బు ఎర్రబడటం చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బండి కదిలిన కాసేపటికి ఫ్యానుకు మళ్ళీ ఊపిరొచ్చేది. అది బ్యాటరీ ఖాళీ అవుతున్న, తిరిగి నిండుతున్న దృశ్యం. చిత్రమేమిటంటే నా బొమ్మ పెట్టె అడుగునా ఆ బ్యాటరీ పెట్టె ఉంది, ఆల్టర్నేటరు ఉంది, బెల్టు కూడా ఉంది. అన్నీ ప్లాస్టిక్ పోతవి, ఉత్తుత్తివి. చేసినవాడు నట్లు, బోల్టులతో సహా అచ్చు దించాడు. వాటి పైన కూర్చున్నవాళ్ళు మాత్రం స్టేషన్ వస్తే చీకట్లో ఉన్నారు.

రెండో జబ్బుకు మందు అన్నిటికంటే అందమైనది. నాలుగు డయోడ్లు. డయోడంటే కరెంటుకు ఒకవైపే తెరుచుకునే తలుపు. నాలుగు తలుపులను చతురస్రంగా అమర్చితే, బయట ధనం ఏ వైపు నుంచి వచ్చినా లోపల ఎప్పుడూ ఒకే గడపలోంచి బయటికొస్తుంది. దీన్ని బ్రిడ్జి రెక్టిఫయరంటారు. పోలండుకు చెందిన ఇంజనీరు కరోల్ పోలాక్ 1895-96లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1897లో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు లియో గ్రెట్స్ విడిగా ప్రచురించాడు. ఈనాటికీ పేరు చాలా దేశాల్లో గ్రెట్స్‌దే. పోలాక్‌కు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం, ఎందుకంటే కాసేపట్లో మనకు కావలసిన ఇంకో వస్తువు, ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్, అది కూడా ఆయన పనే. అల్యూమినియం మీద కట్టే పలచని ఆక్సైడు పొర కరెంటును ఆపుతుందని గమనించి ఆ దశాబ్దంలోనే దానికీ పేటెంటు తీసుకున్నాడు. బొమ్మ రైలు పైకప్పు విప్పితే కనిపించే రెండు ముఖ్యమైన భాగాలూ ఒకే మనిషివి.

బ్రిడ్జికి కూలి ఉంది. కరెంటు దారిలో ఎప్పుడూ రెండు డయోడ్లుంటాయి, ఒక్కోటి 0.7 వోల్టులు తింటుంది. మొత్తం 1.4 పోయినట్టే.

ఇక బల్బు. పూర్వం పెట్టెల్లో గోధుమ గింజంత ఫిలమెంటు బల్బులు పెట్టేవాళ్ళు. 12 వోల్టుల దగ్గర ఒక్కోటి సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. పెట్టెకు నాలుగు, ఆరు పెట్టెలకు ఇరవై నాలుగు, వెరసి 1.2 ఆంపియర్లు. ఈనాటి చిన్న ఇంజను మోటారు అందులో సగం కూడా వాడదు. అంటే రైలును లాగడానికంటే దీపం పెట్టడానికే ఎక్కువ ఖర్చు. తాగిందాంట్లో చాలా మటుకు వేడిగా పోతుంది, పలచని ప్లాస్టిక్ పైకప్పు బల్బు పైన ఉబ్బి వంగిపోతుంది.

దీన్ని తలకిందులు చేసింది తెల్లటి ఎల్‌ఈడీ. ఎరుపుది 1962 నుంచీ ఉంది. తెలుపు రావాలంటే ముందు నీలం కావాలి, నీలం మీద పసుపు పూత పూస్తేనే తెలుపు. ఆ నీలం సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. మామూలుగా 20 మిల్లీ ఆంపియర్లిస్తారు కానీ, చీకటి గదిలో బొమ్మ పెట్టెకు 3 చాలు. అంతకు మించితే కిటికీలు టార్చిలైట్లవుతాయి. రంగు సంగతి చెప్పకుండా ఉండలేను. చాలామంది చవగ్గా దొరికే నీలి తెలుపు ఎల్‌ఈడీ పట్టీ కోసి అంటిస్తారు. ఆవిరి ఇంజను వెనక చెక్క పెట్టెలోంచి ఆపరేషన్ థియేటరు వెలుగు వస్తుంటే కంటికి ఎంత ఎబ్బెట్టు! పాత పెట్టెకు 2700 కెల్విన్ ప్రాంతపు పసుపు తెలుపు వేయండి. ఈ కాలపు పెట్టెకైతే తెల్లటిదే సరి.

మొదటి జబ్బు, వేగంతో మారే వెలుగు, డీసీ పట్టాల మీద పూర్తిగా నయం కాదు. దానికి పాతకాలం ఔత్సాహికులు ఒక తెలివైన ఉపాయం వాడారు. మోటారుకిచ్చే డీసీ మీదనే అధిక పౌనఃపున్యపు ఏసీని కలిపి పట్టాల్లోకి వదిలేవాళ్ళు. కెపాసిటర్ డీసీని ఆపి ఏసీని పోనిస్తుంది, మోటారు చుట్ట అధిక పౌనఃపున్యాన్ని లోపలికి రానివ్వదు. ఒకే పట్టా మీద వచ్చిన రెండు కరెంట్లలో ఎవరిది వాళ్ళు ఏరుకునేవాళ్ళు. బండి ఆగినా దీపాలు వెలిగేవి.

ఆ ఆలోచన ముదిరి పుట్టిందన్నట్టుగా వచ్చింది డీసీసీ. జర్మనీకి చెందిన లెంట్స్ కంపెనీ 1980ల చివర్లో తయారుచేసిన ఈ డిజిటల్ పద్ధతిని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణంగా స్వీకరించింది. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజి, హెచ్‌ఓకు సుమారు 14, ఉంటుంది. బండి ఆగినా ఉంటుంది. కాకపోతే ధన రుణాలు సెకనుకు వేలసార్లు తారుమారవుతుంటాయి. ఆ తారుమారు వ్యవధిలోనే ఆజ్ఞలు దాగుంటాయి. 58 మైక్రో సెకన్లు ఇటు, 58 అటు ఉంటే అది ఒకటి. వంద, అంతకు మించి ఉంటే అది సున్నా. ఈ ఒకట్లూ సున్నాలూ కలిసి 'మూడో నంబరు ఇంజనూ, నెమ్మదిగా కదులు' అవుతాయి. ఇంజనులో చిప్పు చదువుకుని మోటారుకు ఎంత ఇవ్వాలో అంత ఇస్తుంది. మన పెట్టెకు ఆ భాష అక్కర్లేదు. నాలుగు డయోడ్లకు ఎటు నుంచి వచ్చినా ఒకటే కదా.

ఇప్పుడు లెక్క తేలిక. 14లో బ్రిడ్జికి 1.4 పోతే 12.6. మూడు ఎల్‌ఈడీలను వరసగా కలిపితే వాటికి 9. మిగిలిన 3.6 వోల్టులను రెసిస్టరు భరించాలి. మనకు కావలసింది 3 మిల్లీ ఆంపియర్లు, కాబట్టి 3.6ను 0.003తో భాగిస్తే 1200 ఓములు. ఇలాంటి వరసలు రెండు పెడితే పెట్టెకు ఆరు దీపాలు, 6 మిల్లీ ఆంపియర్లు. ఆరు పెట్టెలకూ కలిపి 36. పాతకాలం గోధుమ గింజ బల్బు ఒక్కటి తాగినంత కూడా కాదు.

నిండు వోల్టేజి ఉన్నా దీపాలు మిణుకుమనడం మాత్రం మానలేదు. కారణం చక్రం మీది ఆ ఇరవై గ్రాములే. ఫిలమెంటు బల్బు తీగ వేడిగా ఉండి, క్షణకాలం కరెంటు తెగినా వెలుగు నిలుపుకునేది. ఎల్‌ఈడీకి ఆ జ్ఞాపకం లేదు, తెగిన మరుక్షణం ఆరుతుంది. బల్బుతో ఎన్నడూ కనపడని మురికి ఎల్‌ఈడీతో కనపడుతుంది. పాయింట్ల దగ్గర పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ప్లాస్టిక్ ముక్క ఉంటే, అక్కడ చక్రానికి కరెంటే ఉండదు. ఆ ముక్క 3 సెంటీమీటర్లనుకోండి. అసలు రైలు గంటకు 60 కిలోమీటర్లయితే బొమ్మ సెకనుకు 19 సెంటీమీటర్లు పోతుంది. సెకనులో ఆరో వంతు కాలం చీకటి.

ఇక్కడే పోలాక్ రెండో సృష్టి పనికొస్తుంది. బ్రిడ్జి తర్వాత 1000 మైక్రో ఫారడ్ల కెపాసిటర్ పెడితే అది పాలుపోసిన చెంబులా నిండి ఉండి, పైనుంచి ధార ఆగినప్పుడు కాసేపు తను పోస్తుంది. మన లెక్కన సెకనులో పదింట నాలుగు వంతుల కాలానికి వెలుగు సగమవుతుంది. ఆరో వంతు చీకటిని దాటేయడానికి ఇది చాలు. కన్ను పట్టుకోలేదు. చిటికెన వేలి చివరంత ఉండే ఆ డబ్బీని ఎక్కడ దాచాలన్నది ఔత్సాహికులందరి సమస్య, అందరి జవాబూ ఒకటే: మరుగుదొడ్డిలో. అద్దం మసకగా ఉంటుంది, లోపల ఏముందో ఎవరూ తొంగిచూడరు.

అయితే ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్టులాంటిదే, దొరికినంతా గుటకేస్తుంది. ఆరు పెట్టెలూ ఒక్కసారి గుటకేస్తే కంట్రోలరు షార్టయిందని భ్రమపడి కట్ చేస్తుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ కట్ చేస్తుంది. కెపాసిటర్‌కు ముందు 100 ఓముల రెసిస్టరు పెడితే గుటక చప్పరింపవుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రెసిస్టరు అడ్డు రాకుండా పక్కనే ఒక డయోడు.

మేనల్లుడి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. వాడు చూసింది డీసీ బండి. దాని మీద ఆగాక నిమిషాలపాటు వెలగాలంటే సూపర్ కెపాసిటర్ కావాలి. పెద్ద బిళ్ళంత ఉండే 1 ఫారడ్ కెపాసిటర్‌ను 5 వోల్టులకు నింపి, ఆరు ఎల్‌ఈడీలను విడివిడిగా ఒక్కో మిల్లీ ఆంపియరుతో వెలిగిస్తే, 5 నుంచి 3 వోల్టులకు దిగేలోగా 2 కూలుంబులు ఇస్తుంది. 0.006తో భాగిస్తే 333 సెకన్లు. అయిదున్నర నిమిషాలు. చివరికొచ్చేసరికి వెలుగు పలచబడుతుంది, అచ్చం ఆ చిన్న స్టేషన్లో ఆగిన ప్యాసింజరులా. స్టోన్ బ్యాటరీ చేసిన పనే ఇది. ఆ చీకటికి విరుగుడు పెట్టెతోపాటు కాస్త విద్యుత్తును మోసుకెళ్ళడమే, 1881లో బియాట్రిస్ చేసినట్టు.

ఈలోగా అసలు రైలు ఎదురు దిక్కుకు నడిచింది. రాజధాని, శతాబ్ది లాంటి బండ్లు ఇరుసు డైనమోలు వదిలి చివర్లో జనరేటర్ల పెట్టె తగిలించుకున్నాయి. ఇప్పుడు వాటినీ ఆపి, హెడ్ ఆన్ జనరేషన్ పేరుతో ఇంజను పైతీగ నుంచి తీసుకున్న 25 వేల వోల్టులనే 750 వోల్టులకు దించి, కేబుళ్ళ ద్వారా పెట్టెపెట్టెకూ పంపుతున్నారు. బొమ్మ రైళ్ళలో కరెంటు మోసే కొక్కేలు కూడా ఇదే చేస్తాయి, ఒక పెట్టె పట్టాల నుంచి తీసుకుని మిగతావాటికి పంచుతుంది. బయటి నుంచి కరెంటు తెచ్చుకునే దారిలోకి, నూటనలభై ఏళ్ళకు, పెద్ద పెట్టె వచ్చింది.

మీరూ మొదలుపెట్టేట్టయితే ఒక్క మాట. కెపాసిటర్ మీద 25 వోల్టులని రాసున్నదే కొనండి, 16 సరిపోతుందని అంగట్లో ఎవరు చెప్పినా వినకండి. దాని పక్కన తెల్లటి గీత ఉన్న కాలు రుణానికి వెళ్ళాలి. నేనొకటి తిరగేసి అతికించి పైకప్పు మూసేశాను. నిమిషం తిరక్కుండానే టప్పుమని పేలి, మరుగుదొడ్డి అద్దం గది అవతల దొరికింది. పైకప్పు మూసేముందు ఆ గీత ఎటుందో ఇంకోసారి చూసుకోండి.